పిల్లలకు నిద్రవేళ అయ్యాక వీధి ఎవరిది?

(చెన్నై త్యాగరాయనగర్‌లో తెలుగువారి నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నగరం నడిబొడ్డున ఉండే వినోద ప్రాంతం ఇటు పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలకూ, అటు పిల్లలు వెంట లేకుండా వచ్చే పెద్దవాళ్ళకూ ఎలా నచ్చుతుందన్నది ఈ సాయంత్రం నాకు అప్పగించిన విషయం. ముప్పై ఏళ్ళపాటు పట్టణ ప్రణాళికలో పనిచేసినవాణ్ణి కాబట్టి నేను పటాలు పట్టుకొస్తానని మీరు అనుకుని ఉంటారు. పటం ఒక్కటీ తేలేదు. ఇక్కడ కూర్చున్నవారిలో సగంమందికి సెంట్రల్ స్టేషన్ పరిసరాలూ మౌంటు రోడ్డూ కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి గనుక, ఆ జ్ఞాపకమే మనకు పటం.

ముందుగా సెంట్రల్ స్టేషన్ పక్కకు వెళదాం. గవర్నర్ చార్లెస్ ట్రెవెలియన్ 1859లో అక్కడ పీపుల్స్ పార్కును ఏర్పాటు చేశారు. తరువాత అందులో జంతు ప్రదర్శనశాల వచ్చింది. 1880లలో దాని అంచున, నాటకాలూ సభలూ జరిగే విక్టోరియా పబ్లిక్ హాలు లేచింది. దానికి పునాదిరాయి వేసినవారు మన విజయనగరం మహారాజు ఆనంద గజపతిరాజు. 1891లో బళ్ళారి సరస వినోదినీ సభవారు మదరాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడితే, వాటిని చూసి ఉత్సాహపడిన పమ్మల్ సంబంధ ముదలియారు ఆ ఏడాదే సుగుణ విలాస సభ అనే నాటక సమాజాన్ని స్థాపించారు. తమిళ నాటకరంగం తన ఆధునిక చరిత్రను చెప్పుకునేటప్పుడు ఒక తెలుగు నాటక సమాజం పేరుతో మొదలుపెట్టవలసి రావడం మనకు ముచ్చటగా ఉంటుంది కానీ, నేను ఆ సంగతి ఎత్తింది మురిసిపోవడానికి కాదు. నాటకం, జంతువులు, చెట్లనీడ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయని చెప్పడానికి. 1900లో మూర్ మార్కెట్ తెరిచాక ఆ వరుసకు పాత పుస్తకాలు, బొమ్మలు, పంజరాలలో పిట్టలు కూడా వచ్చి చేరాయి.

మా నాన్నగారు పాత పుస్తకాల కోసం మూర్ మార్కెట్‌కు వెళ్ళేవారు. నన్నూ మా తమ్ముణ్ణీ వెంట తీసుకువెళ్ళేవారు. ఆయన పుస్తకాల కుప్ప ముందు చతికిలబడి బేరం ఆడుతుంటే, మేము నాలుగు దుకాణాల అవతల చిలకల ముందు నిలబడేవాళ్ళం. ఆయన తల ఎత్తితే మేము కనిపించేవాళ్ళం, మేము వెనక్కి తిరిగితే ఆయన కనిపించేవారు. మా కోసం ఆయన వచ్చారని మేమూ, తన కోసం మేము వచ్చామని ఆయనా ఎప్పుడూ అనుకోలేదు. ఎవరి పని వారిది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది నిజానికి ఇంతే. కుటుంబాలూ పెద్దలూ కలిసి వచ్చే చోటు అంటే అందరికీ ఒకే వినోదం దొరికే చోటు కాదు. ఒకరికొకరు కనుచూపు దూరంలో ఉంటూ ఎవరి వినోదం వారు చూసుకోగలిగే చోటు.

1985లో రెండు సంఘటనలు జరిగాయి. మే నెల చివర మూర్ మార్కెట్ తగలబడిపోయింది. జూలైలో నగర శివార్లలోని వండలూరులో కొత్త జంతు ప్రదర్శనశాల ప్రారంభమైంది. వండలూరుది జంతువులకు మేలు చేసిన నిర్ణయమే, అందులో నాకు సందేహం లేదు. కానీ నగరం మధ్యలో సాయంత్రం గంటన్నర గడిపిరాగలిగే చోటు పోయి, దాని స్థానంలో పొద్దున్నే భోజనం కట్టుకుని బయలుదేరి రోజంతా వెచ్చించవలసిన ప్రయాణం వచ్చింది. మూర్ మార్కెట్ ఉన్నచోట రైల్వేవారి భవనం లేచింది. ఒక తరం పిల్లలకు సెంట్రల్ పరిసరాలు అంటే రైలెక్కే చోటు మాత్రమే అయ్యాయి.

రెండవ ఉదాహరణ కెథడ్రల్ రోడ్డులోని వుడ్‌లాండ్స్ డ్రైవ్ ఇన్ హోటల్. 1962 నుంచి 2008 వరకు నడిచిన ఆ హోటల్‌ను ఎవరూ వినోద కేంద్రం అనలేదు. అక్కడ దొరికేవి ఇడ్లీ, దోశ, పూరీ, కాఫీ. ఉన్నవి పెద్ద చెట్లు. కారులోనే కూర్చుంటే కిటికీకి పళ్ళెం తగిలించేవారు. పిల్లలు చెట్ల మధ్య పరుగెత్తేవారు. వారి తల్లిదండ్రులు, పక్క బల్లల దగ్గర అమ్మకపు ప్రతినిధులూ, సినిమా కథలు చెప్పుకునేవారూ, పెళ్ళి సంబంధం మాట్లాడుకునే రెండు కుటుంబాలవారూ ఒక్కొక్క కాఫీతో గంటలు గడిపేవారు. ఎవరూ లేవమనేవారు కాదు. ఇప్పుడు అదే స్థలంలో 2010లో తెరిచిన సెమ్మొళి పూంగా ఉంది, దానికి ఎదురుగా 2024 అక్టోబరులో తెరిచిన కలైజ్ఞర్ శతాబ్ది ఉద్యానవనం ఉంది. రెండూ నాకు నచ్చిన తోటలే. అయితే అవి టికెట్టు కొని లోపలికి వెళ్ళి, చూసి, బయటికి వచ్చే తోటలు. పనిలేకుండా కూర్చునే వసతి వేరు, చూడటానికి వెళ్ళే వసతి వేరు. ప్రణాళికలు వేసేవాళ్ళం మేము ఈ రెండింటినీ ఒకే ఖాతాలో రాసేసుకుంటాం. అది మా వృత్తిలో పాత పొరపాటు.

ఇక మౌంటు రోడ్డు. సినిమాను తీసుకువచ్చి ఆ రోడ్డు మీద స్థిరపరచినవారిలో మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య ముఖ్యులు. ఆయన కట్టించిన గెయిటీ మదరాసులో భారతీయుడి యాజమాన్యంలో వెలసిన మొదటి సినిమా హాలు. అంతకు కాస్త ముందు వార్విక్ మేజర్ అనే ఆంగ్లేయుడు నెలకొల్పిన ఎలక్ట్రిక్ థియేటర్ భవనం ఇప్పటికీ మౌంటు రోడ్డు తపాలా కార్యాలయం ఆవరణలో ఉంది. తపాలా బిళ్ళలు సేకరించేవారికి ఆ మెట్లు పరిచయమే. ఆ తరువాత కాసినో, శాంతి, ఆనంద్, సఫైర్, దేవి అంటూ వరుసగా వచ్చాయి. 1964లో వచ్చిన సఫైర్ సముదాయంలో మూడు హాళ్ళు ఉండేవి. వాటిలో బ్లూ డైమండ్‌లో ఆట ఎడతెగకుండా నడిచేది, ఎప్పుడైనా వెళ్ళి ఎంతసేపైనా కూర్చోవచ్చు. మండే ఎండలో చల్లటి గాలి కోసం టికెట్టు కొన్నవారు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వారిలో ఒకరు ఈ సభలో మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నారు. 1970లో వచ్చిన దేవి సముదాయం నాలుగు తెరలతో నేటికీ నడుస్తోంది. మిగిలినవాటిలో చాలావరకు కూలిపోయాయి లేదా మూతపడ్డాయి.

హాళ్ళు పోవడానికి టీవీ, వీడియో, భూమి ధర, మాళ్ళు కారణాలని అందరూ చెప్పేదే కాబట్టి దాని మీద కాలం గడపను. ఆ హాళ్ళతో పాటు ఇంకేమి పోయిందో ఎవరూ చెప్పరు. మొదటి ఆటకు కుటుంబాలు, రెండో ఆటకు పెద్దలు రావడం మౌంటు రోడ్డుకు ఒక గడియారంలా ఉండేది. మొదటి ఆట వదిలే వేళకు రెండో ఆటవారు వస్తుండేవారు. ఆ అరగంట రోడ్డు మీద అన్ని వయసులవారూ కలిసేవారు. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని బస్సు కోసం నడిచే తండ్రికి ఎదురుగా ఉద్యోగం ముగించుకుని వచ్చే కుర్రవాళ్ళు కనిపించేవారు. ఇలా చేతులు మారే వేళలో వీధి ఖాళీ కాదు, అందువల్ల భయమూ ఉండదు. వినోద ప్రాంతాన్ని కాపాడేది ఆ అరగంటే అని నా అభిప్రాయం.

ఇక్కడ మద్యం గురించి మాట్లాడక తప్పదు. ఈ అంశంపై సభలలో మొహమాటపడి పక్కకు తప్పుకుంటారు. నేను తప్పుకుంటే విషయం సగమే చెప్పినట్టవుతుంది. తమిళనాడులో 2003 నుంచి చిల్లర మద్యం అమ్మకం మొత్తం టాస్మాక్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంది. దుకాణాలు మధ్యాహ్నం పన్నెండు గంటలకు తెరిచి రాత్రి పది గంటలకు మూస్తారు. ఇరవై ఒకటి నిండనివారికి అమ్మకూడదు. కూర్చుని, తింటూ, పాట వింటూ తాగే వసతి ఎక్కువగా నక్షత్ర హోటళ్ళ లోపలా, సభ్యత్వం ఉన్న క్లబ్బులలోనూ ఉంటుంది. దీని ఫలితం చూడండి. డబ్బున్న పెద్దల వినోదం హోటల్ గోడల వెనక్కి పోయింది. డబ్బులేనివారి వినోదం వెలుతురు లేని సందులో, నిలబడి గబగబా ముగించే పనిగా మారింది. వీధికి మిగిలింది ఆ సందు చివర తూలే మనిషి. అతణ్ణి చూసి తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతుంది. మద్యం అందుబాటులో ఉండటం వల్ల కుటుంబాలు దూరమవుతున్నాయని అంటారు కానీ, నాకు తోచినంతవరకు మద్యం తాగే పద్ధతిలో మర్యాద లేకపోవడం వల్లనే దూరమవుతున్నాయి. బల్ల, పళ్ళెం, వెలుతురు, పక్కన మరో నలుగురు మనుషులు ఉన్నచోట మనిషి తనంతట తానే సర్దుకుని కూర్చుంటాడు.

అలాగని బెంగళూరు పద్ధతి మనకు ఆదర్శం అని నేను అనడం లేదు. అక్కడ పబ్బులు వీధిలోనే ఉంటాయి. 2024లో కర్ణాటక ప్రభుత్వం నగరంలో రాత్రి ఒంటిగంట వరకు అనుమతి ఇచ్చింది. చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల దుకాణాలు, ఇండియా కాఫీ హౌస్, పబ్బులు ఒకే వరుసలో ఉండటం వల్ల సాయంత్రం ఆరు గంటలకు అక్కడ పదేళ్ళ పిల్లల నుంచి డెబ్బై ఏళ్ళ పెద్దల వరకు కనిపిస్తారు. 2018లో రాళ్ళు పరిచి వీధిని బాగుచేశారు, 2020 నవంబరు నుంచి కొన్ని నెలలపాటు వారాంతాలలో వాహనాలను ఆపి చూశారు. ఇదంతా బాగుంది. కానీ దానికి అడుగుల దూరంలోనే, 2016 డిసెంబరు 31 రాత్రి బ్రిగేడ్ రోడ్డు, మహాత్మాగాంధీ రోడ్డు పరిసరాలలో స్త్రీలపై జరిగిన అసభ్య ప్రవర్తన దేశమంతా వార్త అయింది. వీధీ అదే, పబ్బులూ అవే. ఆ రాత్రి గుంపులో అత్యధికులు యువకులు. వీధిలో నుంచి ముసలివాళ్ళూ పిల్లలూ మాయమైతే మిగిలినవారి ప్రవర్తన మారిపోతుంది. పోలీసుల సంఖ్య పెంచడం అవసరమే, కానీ ఐస్‌క్రీము తింటున్న ఒక బామ్మ చేసే పనిని పదిమంది పోలీసులు చేయలేరు.

విదేశాలలో ఈ ప్రయోగం ఎలా జరిగిందో కొద్దిగా చెబుతాను. న్యూయార్క్‌లో 42వ వీధి 1970లలో అశ్లీల చిత్రాల హాళ్ళకు పేరుమోసింది. 1900లో కట్టిన ఒక నాటకశాల అక్కడ చివరికి ఆ రకమైన హాలుగా మిగిలింది. 1995లో దానిని బాగుచేసి న్యూ విక్టరీ పేరుతో పిల్లల నాటకశాలగా తెరిచారు. పునరుద్ధరణ ప్రారంభమైందే పిల్లల హాలుతో అన్నమాట. 1997లో డిస్నీ సంస్థ వీధికి ఎదురు వైపునున్న పాత న్యూ ఆమ్‌స్టర్‌డామ్ నాటకశాలను తిరిగి తెరిచింది. 2009లో టైమ్స్ స్క్వేర్ దగ్గర బ్రాడ్‌వేలో వాహనాలను ఆపి కుర్చీలు వేశారు. భయం పోయింది, జనం వచ్చారు. అయితే ఆ జనంలో ఊరివారికంటే పర్యాటకులే ఎక్కువనీ, చౌకగా కాలం గడిపే చోట్లు పోయాయనీ న్యూయార్క్ వాసులు చాలాకాలంగా ఫిర్యాదు చేస్తున్నారు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది.

లాస్ వేగాస్ దీనికి తలకిందులు. 1993లో అక్కడి పెద్ద జూదగృహాలు కుటుంబాలను ఆకర్షించాలనుకున్నాయి. ఎం.జి.ఎం. గ్రాండ్ హోటల్ వెనుక పిల్లల వినోద ఉద్యానం వచ్చింది. ట్రెజర్ ఐలాండ్ ముందు సముద్రపు దొంగల యుద్ధ ప్రదర్శన నడిచింది. పదేళ్ళు తిరిగేసరికి ఉద్యానం మూతపడింది, సముద్రపు దొంగల బదులు అర్ధనగ్న నర్తకీమణులు వచ్చారు, ఊరు పెద్దలదేనని ప్రకటనలు మొదలయ్యాయి. కారణం లోతైనదేమీ కాదు. పిల్లలు జూదం ఆడరు, పిల్లలున్న తల్లిదండ్రులు తొమ్మిదింటికల్లా గదికి వెళ్ళిపోతారు. పెద్దల వ్యాపారానికి ముందు పిల్లల బొమ్మ నిలబెడితే అది ఎరగానే ఉంటుంది, ఆ సంగతి తల్లిదండ్రులు మొదటి గంటలోనే పసిగడతారు. సింగపూర్‌లోని క్లార్క్ కీ కథ ఇంకా చిత్రం. నది ఒడ్డున పాత గిడ్డంగులను 1993లో కుటుంబాల ఉత్సవ కేంద్రంగా తెరిచారు. 2006 ప్రాంతంలో పైన గొడుగుల వంటి కప్పులు వేసి రాత్రి విందుల చోటుగా మార్చారు. 2022లో మళ్ళీ పగలు కూడా జనం వచ్చేలా చేయాలని కొత్త పెట్టుబడి ప్రకటించారు. ఇటొకసారి అటొకసారి ఊగిన ఆ ఊయల ముప్పై ఏళ్ళుగా ఒక్క సంగతే చెబుతోంది: స్థలాన్ని మొత్తంగా ఒక వయసువారికి రాసిచ్చేస్తే, రోజులో సగం గంటలు అది పడుకునే ఉంటుంది.

కోపెన్‌హేగన్‌లో రైల్వే స్టేషన్ ఎదురుగా 1843 నుంచి నడుస్తున్న టివోలీ తోటలో మాత్రం ఈ చిక్కు కనిపించదు. రంగులరాట్నం, సంగీత వేదిక, బీరు దొరికే భోజనశాల, పూలమొక్కలు అన్నీ ఒకే ప్రహరీలో ఉంటాయి. చీకటి పడేకొద్దీ దీపాలు వెలిగి, తోట స్వభావం నెమ్మదిగా మారుతుంది. పిల్లలను వెళ్ళమని ఎవరూ అనరు. వాళ్ళే నిద్రకు తూగుతారు.

అంత దూరం ఎందుకు, మన ధనుర్మాసపు కచేరీలను చూడండి. డిసెంబరులో ఏ సంగీత సభకు వెళ్ళినా లోపల రాగాలాపన, బయట క్యాంటీను. కచేరీ టికెట్టు లేకపోయినా చాలా సభలలో క్యాంటీనుకు వెళ్ళవచ్చు. అమ్మమ్మ లోపల తోడి రాగం వింటుంటే మనవడు బయట కాశీ హల్వా తింటుంటాడు, అల్లుడు ఆ రెంటికీ మధ్య తలుపు దగ్గర నిలబడి ఫోను చూసుకుంటాడు. చిత్తూరు నాగయ్యగారు 1940లలో నెలకొల్పిన త్యాగబ్రహ్మ గానసభ, అంటే ఇక్కడికి నడిచివెళ్ళేంత దూరంలో ఉన్న వాణీ మహల్, ఈ పద్ధతిలోనే నడుస్తోంది. ఇది మనకు తెలియని విద్య కాదు. ఏడాదికి ఒక్క నెల మాత్రమే ఆచరిస్తున్నాం.

పోయిన నెల మా అమ్మాయి, ఆమె నాలుగేళ్ళ కొడుకు, నేను పాండీబజారుకు వెళ్ళాం. 2019 నవంబరులో నడకదారులను వెడల్పు చేశాక ఆ వీధి నాకు ఎంతో ఇష్టం. ఏడుంపావుకు వాడు అవసరం చెప్పాడు. రెండు దుకాణాలలో మరుగుదొడ్డి అడిగితే సరుకు కొన్నవారికే అన్నారు, మూడో చోట తాళం చెవి ఉన్న మనిషి లేడన్నారు. ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాం. బట్టలు కొనాలని, తరువాత భోజనం చేయాలని వెళ్ళిన ముగ్గురం ఆ వీధికి ఇచ్చి వచ్చింది మొత్తం ఒక మొక్కజొన్న కండె ధర. వినోద ప్రాంతానికి ఆదాయం ఎలా పెరుగుతుందని వర్తకసంఘాలవారు నన్ను అడిగినప్పుడల్లా శుభ్రమైన మరుగుదొడ్డి గురించి చెబుతాను, వారు నన్ను కాస్త జాలిగా చూస్తారు. పసిబిడ్డకు పాలివ్వడానికి, గుడ్డ మార్చడానికి ఒక గది ఉంటే తల్లి ఇంకొక గంట ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్నవారికి వంద అడుగులకొక బల్ల ఉంటే వారూ ఉంటారు. వీపుకు ఆనుడు లేని రాతిదిమ్మెను బల్ల అనుకునే వాస్తుశిల్పులు దానిమీద ఒక సాయంత్రం కూర్చుని చూడాలి.

మౌంటు రోడ్డుకు నేను కోరేది పెద్ద కట్టడమేమీ కాదు. తపాలా కార్యాలయం నుంచి ఎల్.ఐ.సి. భవనం మీదుగా స్పెన్సర్ ప్లాజా వరకు ఉన్న భాగాన్ని తీసుకోండి. 2019 నుంచి మెట్రో స్టేషన్ ఉంది. 1844లో మొదలైన హిగ్గిన్‌బోథమ్స్ పుస్తకాల దుకాణం ఉంది. దేవి హాళ్ళున్నాయి. లేనిది సాయంత్రం. శనాదివారాలలో అయిదు గంటల నుంచి పక్కవీధులలో ఒకటి రెండింటిని నడకకు వదలాలి. ఏడు వరకు బొమ్మలాటలు, కథలు, పిల్లలు ముట్టుకుని వాయించదగిన వాద్యాలు. ఏడు నుంచి పది వరకు సంగీతం, నాటకం, తిండి బల్లలు. పొంగల్ రోజులలో చెన్నై సంగమం పేరుతో ఉద్యానవనాలలో జానపద కళాకారులు చేసేది ఇక్కడ వారంవారం చిన్న మోతాదులో చేయవచ్చు. శబ్ద నియంత్రణ నియమాలు బహిరంగ స్థలంలో రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకరును నిషేధిస్తున్నాయి కాబట్టి, పది తరువాత వినోదం గదులలోకి, హాళ్ళలోకి వెళ్ళాలి. చట్టం గీసిన ఈ గీతను అడ్డంకిగా కాక చేతులు మారే వేళగా వాడుకోవాలి. భోజనశాలలు, పుస్తకాల దుకాణాలు పదకొండు దాటాక కూడా తెరిచి ఉంచడానికి తమిళనాడులో 2019 నుంచే ప్రభుత్వ అనుమతి ఉంది. పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే దుకాణాలు ఇరవైనాలుగు గంటలూ నడపవచ్చు. నడపకపోవడానికి కారణం చట్టం కాదు, పదకొండుకు చివరి మెట్రో వెళ్ళిపోవడం. పనిచేసే అమ్మాయి ఇంటికి ఎలా వెళుతుందో తేలకుండా రాత్రి వినోదం గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. శనివారం ఒక్కరోజైనా అర్ధరాత్రి దాటేవరకు రైలు నడిపి చూడమని అడగాలి.

తోపుడు బళ్ళ సంగతి కూడా చెప్పాలి. 2013లో పాండీబజారు నడకదారుల మీది చిన్న వ్యాపారులను ఒక భవనంలోకి తరలించారు. కోర్టు ఆదేశాల ప్రకారం జరిగిన పని, నడిచేవారికి దారి దొరికింది, ఒప్పుకుంటాను. కానీ ఇరవై రూపాయలకు ఏదో ఒకటి దొరికే చోటు లేకపోతే వీధి మధ్యతరగతికి మాత్రమే మిగులుతుంది. ఇప్పుడు అడిగే పక్కవీధులలో బళ్ళకు ముందే గీతలు గీసి, నీళ్ళూ చెత్తబుట్టా ఇచ్చి చోటు చూపించాలి.

ఇవన్నీ నగరపాలక సంస్థకు విన్నవించే ముందు మన దగ్గర కొంత సమాచారం ఉండాలి. అందుకోసం ఒక చిన్న పని అడుగుతున్నాను. వచ్చే నాలుగు శనివారాలు సాయంత్రం అయిదున్నర నుంచి పది వరకు, ఎల్.ఐ.సి. మెట్రో మెట్ల దగ్గర ఇద్దరు, దేవి హాళ్ళ ముందు ఇద్దరు, స్పెన్సర్ మలుపులో ఇద్దరు నిలబడాలి. పిల్లలతో వచ్చినవారు ఎందరు, వారు ఎన్ని గంటలకు వెనుదిరిగారు, ఒంటరిగా నడిచే స్త్రీలు ఏ గంట తరువాత కనిపించలేదు అన్న మూడే ప్రశ్నలు. ఎవరి పేరూ అడగనక్కరలేదు, ఫొటో తీయకూడదు. గీతలు గీసిన కాగితాలు తలుపు పక్కన బల్లమీద పెట్టాను. కుర్చీలు తెస్తామని మూడో వరుసలో ఉన్న మిత్రుడు ఇప్పుడే సైగ చేశారు. ఆనుడు ఉన్నవే తెమ్మని మనవి.